దూరం కూర్చున్న బంతి

1978లో శ్రావణమాసమంతా హనుమకొండలో ముసురు వదలలేదు. ఉతికిన బట్టలు ఆరేవి కావు, పొయ్యిలో కట్టెలు అంటుకునేవి కావు, గోడల సున్నం చెమ్మగిల్లి పెచ్చులు పెచ్చులుగా రాలేది. ఆ ముసురు వెంటనే జ్వరం దిగింది. మొదట అందరూ మామూలు సర్ది అనుకున్నారు. ముక్కు కారడం, దగ్గు, ఒళ్ళు పెనంలా కాలడం, కీళ్ళు విరిచినట్టు నొప్పులు. పెద్దవాళ్ళను పెద్దగా ముట్టుకోకుండా పిల్లల మీద పడింది. ఏ ఇంట్లో తొంగి చూసినా ఒక పిల్లో పిల్లవాడో గొంగడి కింద మూలుగుతూ కనిపించేవారు. డాక్టర్లు ఫ్లూ అన్నారు. పేరు తెలిసినంత మాత్రాన ఎవరికీ తగ్గలేదు.

సారంగపాణి సార్ హెడ్‌మాస్టరుగా ఉన్న బడి బజారుకూ కూలివాడకూ నడుమ ఉంటుంది. ముందు వైపు బట్టల దుకాణాలు, కిరాణాలు. వెనక వైపు లారీలకు బస్తాలు ఎత్తి దించే హమాలీల గుడిసెలు. నలుగురు టీచర్లలో ఇద్దరు జ్వరంతో సెలవు పెట్టారు. మిగిలింది ఆయనా, కమల టీచరూ. వంట చేసే ఆయా మొగిలమ్మకు కూడా దగ్గు పట్టుకుని నాలుగు రోజులుగా రావడం లేదు. అందుకని పొద్దున అయిదు తరగతులకూ పాఠం చెప్పడం, మధ్యాహ్నం అయ్యేసరికి పొయ్యి ఊదడం, అన్నీ ఆ ఇద్దరి నెత్తినే పడ్డాయి.

ఆ బడిలో సర్కారు ఇచ్చే గోధుమ రవ్వతో మధ్యాహ్నం ఉప్మా పెడతారు. కూలివాడ పిల్లల్లో చాలామందికి పగటి పూట తిండి అదే.

"బడి బంద్ చేద్దాం సార్," అంది కమల టీచర్, పొగకు కళ్ళు తుడుచుకుంటూ. "నా క్లాసుల సగం మంది లేరు. వచ్చినోళ్ళు గూడ తలకాయ ఒళ్ళె పెట్టుకోని కూసుంటాండ్లు."

"బంద్ చేస్తె ఉప్మా బంద్ అయితది గదమ్మా."

"జరంతోని ఉప్మా ఎవరు తింటరు సార్?"

"జరం లేనోడు తింటడు గదా."

ఆ మాట అన్నాడే గాని ఆయనకూ ధైర్యం లేదు. అంతకు ముందు రోజే విద్యాశాఖ ఆఫీసుకు పోయి అడిగి వచ్చాడు. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండా, "పై నుంచి ఆర్డరు రావాలె సారూ, అప్పటిదాక మీ తెలివిని బట్టి నడిపించుకోండ్రి," అన్నాడు. తన తెలివి ఏపాటిదో సారంగపాణికి తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఎక్కాలూ వేమన పద్యాలూ చెప్పి బతికిన తెలివి అది. రోగాల సంగతి దానికి తెలియదు.

అయినా తెలిసినంత చేశాడు. తెలిసింది ఎంగిలి. ఆయన ఇంట్లో పుట్టినప్పటి నుంచీ ఎంగిలి విషయంలో నిష్ఠ ఎక్కువ. రోగం నోటి నుంచి నోటికి పోతుంది కాబట్టి ఎంగిలి పడకపోతే చాలని అనుకున్నాడు. పిల్లల సత్తు పళ్ళేలు ఇళ్ళకు పంపించి మోదుగు విస్తళ్ళు తెప్పించాడు. కుండ మీది లోటాను మూతికి ఆనించొద్దు, ఎత్తి పోసుకుని తాగాలి. పలకను ఉమ్మితో తుడవొద్దు, తడి గుడ్డ వాడాలి. జామకాయను అంగీ అంచులో చుట్టి కొరికితే కాకెంగిలి, దానికి దోషం లేదని పిల్లలు వాదించారు. అది కూడా వద్దన్నాడు. పిల్లలు అన్నీ విన్నారు. జ్వరం మాత్రం వినలేదు. రోజుకు నలుగురైదుగురు మంచాన పడుతూనే ఉన్నారు.

ఆయనకు పాలుపోలేదు. ఎక్కడ ఎంగిలి పడుతున్నదో ఎంత వెతికినా దొరకలేదు.

ఆయన మార్చనిది ఒక్కటే మిగిలింది. అది ఆ మధ్యాహ్నపు బంతి. పదేళ్ళ కింద ఆయన ఈ బడికి వచ్చినప్పుడు బజారు పిల్లలు అరుగు మీద తినేవారు, కూలివాడ పిల్లలు కింద వాకిట్లో తినేవారు. అట్లా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. వాళ్ళకు వాళ్ళే కూర్చునేవారు. ఎవరూ చెప్పకుండానే జరిగే దాన్ని మాన్పించడం మరీ కష్టం. చెప్పి చూశాడు, కోప్పడి చూశాడు. చివరికి బజారులో పెద్దమనిషి, బట్టల దుకాణం రాంచందర్ దగ్గరికి పోయి, ఆయన మెట్ల మీద ఎన్నో సాయంత్రాలు కూర్చున్నాడు. గుళ్ళో ప్రసాదం తీసుకునేటప్పుడు పక్కన ఎవరున్నారని అడుగుతామా అన్నాడు. బడిలో కూడా దేవుని పేరు తలుచుకుని ఒకే బంతిలో తింటే దోషమేముంది అన్నాడు. రాంచందర్ చాలాసేపు మీటరు కర్రతో వీపు గోక్కుని, "దేవుని పేరు మీదైతె సరే సారూ," అన్నాడు.

అప్పటి నుంచీ హాల్లో ఎదురెదురుగా రెండు వరసలు. వడ్డన అయ్యాక గొంతున్న పిల్ల ఒకతి లేచి, "ఆపద మొక్కులవాడా," అంటుంది. అందరూ పెంకులు లేచిపోయేట్టు "గోవిందా" అంటారు. మూడు సార్లు. తర్వాతే చెయ్యి ఆకులో పడుతుంది. ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకునే తీరిక ఆ కేకలో కొట్టుకుపోయేది. ఇరుగు పొరుగు బళ్ళ వాళ్ళు వచ్చి చూసి పోయేవారు. సారంగపాణి బయట ఎక్కడా చెప్పుకోలేదు గాని, పూజలో కూర్చున్నప్పుడు స్వామికి మాత్రం కొంచెం గర్వంగానే చెప్పుకునేవాడు.

ఈ ఏడు ముఖ్యంగా గోవింద చెప్పించేది సమ్మమ్మ. మూడో తరగతి. హమాలీ రాజమల్లు బిడ్డ. పిడికెడంత ఉంటుంది, గొంతు మాత్రం బస్టాండు దాకా వినిపిస్తుంది. ఒకరోజు ఆ పిల్ల ఎర్రటి కళ్ళతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

సారంగపాణి నుదురు తడిమి చూశాడు. కాలుతోంది. "ఇంటికి పో బిడ్డా. పోయి పండుకో."

"ఇంట్ల ఎవ్వరు లేరు సార్. అవ్వ కైకిలి పనికి పోయింది. బాపు కేసముద్రం యార్డుకు పోయిండు, ఎప్పుడొస్తడో." గుమ్మం పట్టుకుని, "ఇయ్యాల గోవింద నేనే అంటా," అంది.

పిల్లను ఖాళీ కడుపుతో ఖాళీ ఇంటికి పంపడానికి ఆయనకు మనసొప్పలేదు. సరే, తిని పొమ్మన్నాడు. బయట వాన జోరుగా ఉంది. జల్లు కొడుతోందని కిటికీలు మూసేశారు. సమ్మమ్మ రెండు వరసల నడుమ నిలబడి, దగ్గు ఆపుకుని, మూడు సార్లూ ఎప్పటికంటే గట్టిగా అంది. అందరూ అంతకంటే గట్టిగా బదులు పలికారు.

ఆ వారం తిరక్కుండానే రెండు వరసలూ పళ్ళూడిన నోరులా అయిపోయాయి. రాంచందర్ మనవడు గోపాల్ పడ్డాడు. వాడి పక్కవాడు పడ్డాడు. సమ్మమ్మ అసలే రాలేదు.

ఆయన వాళ్ళ గుడిసెకు పోయేసరికి తల్లి రాజక్క పిల్ల పక్కన కూర్చుని కొంగుతో విసురుతోంది. పిల్ల డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదాలు ఎండిపోయాయి. వావిలాకు ఆవిరి పట్టిందట, మిరియాల కషాయం పోసిందట, పోచమ్మకు మొక్కిందట.

"పనికి పోక మూడొద్దులాయె సారూ," అంది రాజక్క. ఆ మాటలో ఫిర్యాదు లేదు, అలుపు ఉంది.

రిక్షా పిలిచి ఇద్దరూ పిల్లను పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ మల్లికార్జున్ అనే కుర్ర డాక్టరు చెస్టు చూసి, నిమ్ము చేసిందని చేర్చుకున్నాడు. ఆయన కళ్ళ కింద కూడా నల్లగా ఉంది. వరండా నిండా పిల్లలే. ఏ బడి అని అడిగాడు. సారంగపాణి చెప్పాడు, తాను ఎంగిలి పడకుండా చేసిన కట్టుబాట్లన్నీ పూస గుచ్చినట్టు చెప్పాడు. డాక్టరు ఓపికగా విని, "ఇన్ని చేసినంక గూడ గింతమంది పడ్డరా? రేపు మధ్యాహ్నం నేనొస్త సార్, ఓసారి చూస్త," అన్నాడు.

మాట తప్పకుండా వచ్చాడు. ఆ రోజు ముసురు కాస్త తెరిపిచ్చింది. హాల్లో ఒక చోట పెంకు పగిలి ఉంది. ఎన్నో రోజుల తర్వాత ఎండ ఆ కంతలోంచి ఒక దూలంలా ఏటవాలుగా దిగి, సరిగ్గా రెండు వరసల నడుమ పడింది. విస్తళ్ళలో ఉప్మా పొగలు కక్కుతోంది. సమ్మమ్మ బదులు నాలుగో తరగతి పిల్ల లేచి పిలిచింది. పిల్లలు గోవిందా అన్నారు.

అప్పుడు సారంగపాణి చూశాడు. ఆ కేకతో పాటు పిల్లల నోళ్ళలోంచి సన్నని తుంపర లేచింది. తిరగలి చుట్టూ పిండి లేచినట్టు లేచి, ఎండలో మెరిసి, కాసేపు గాలిలో తేలి, ఎదుటి వరస మీదికి మెల్లగా దిగింది. ముఖాల మీద, ఆకుల మీద, వేడి ఉప్మా మీద. రెండోసారి అన్నారు. ఈసారి అటు నుంచి ఇటు. మూడోసారి అనబోతుంటే ఆయన చెయ్యి ఎత్తాడు. ఎందుకు ఆపమంటున్నాడో పిల్లలకు అర్థం కాక సగం మంది ఆపారు, సగం మంది అన్నారు.

డాక్టరు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఎంగిలి పడకుండ అన్నీ చేసిన డాక్టర్ గారూ," అన్నాడు సారంగపాణి.

"మూతి తగిలిందే ఎంగిలనుకుంటం సార్. నోట్ల గాలికి గూడ ఎంగిలి ఉంటదని ఎవరనుకుంటరు?" అన్నాడు డాక్టరు. తప్పు పట్టిన మాట కాదు అది. "దగ్గు, జరం ఉన్నోళ్ళను ఇంట్ల ఉంచుండ్రి. మిగిలినోళ్ళను దూరం దూరం కూచోబెట్టుండ్రి. ఎదురెదురుగ వద్దు. కిటికీలు తెరవుండ్రి, తడిసినా ఫికర్ లేదు. కొన్ని రోజులు ఆ కేక ఆపుండ్రి."

"ఇట్ల చేస్తె తగ్గుతదా?"

డాక్టరు చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తగ్గాలె. దాని కాలం అది తీసుకుంటది సార్. మనం చేసేదేందంటె, జర తక్కువ మందికి అంటేటట్టు చూసుడు. గంతకన్న నేను గూడ చెప్పలేను."

ఆ సాయంత్రం దీపం పెట్టి కూర్చుంటే సారంగపాణి నోట నామం రాలేదు. చిన్నప్పటి నుంచీ ఆ పేరు పిలిస్తే ఆపద పోతుందని విన్నాడు, నమ్మాడు, పిల్లలకు నేర్పాడు. ఇప్పుడు ఆ పేరు మీదే ఎక్కి జ్వరం పిల్లల మీదికి పోయింది. స్వామీ, ఇందులో నీ తప్పేముంది, పిలిచిన నోరు మాదే, పిలిపించింది నేనే అనుకున్నాడు. కాని ఒక్కసారైనా ఏదో ఒక సూచన చెయ్యకూడదా అని కూడా అనుకున్నాడు. తర్వాత ఆ పెంకు పగిలిన కంత గుర్తొచ్చి, అది సూచన అవునో కాదో తేల్చుకోలేక లేచిపోయాడు.

మర్నాడు పిల్లలు ఎప్పటిలాగే భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. "దూరం జరుగుండ్రి," అనాలి. నోరు తిరగలేదు. పదేళ్ళుగా ఆ హాల్లో ఆయన చెప్పిన మాట ఒకటే: దగ్గరకు జరుగుండ్రి. ఇంకొంచెం దగ్గరకు. చివరికి ఆ మాట కమల టీచరే అంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ జరిగారు. కేక లేదు. మనసులో అనుకోమన్నాడు. ఎవడో కిసుక్కున నవ్వాడు.

దగ్గు ఉన్నవాళ్ళను ఇంటి దగ్గరే ఉండమని చెప్పినా వాళ్ళు వచ్చేవారు. ఉప్మా ఇక్కడ ఉంది మరి. వాళ్ళను తిప్పి పంపలేక వెనక గోడ అవతల చూరు కింద విడిగా కూర్చోబెట్టాడు. నిమ్ము తగ్గి ఇంటికి వచ్చిన సమ్మమ్మ కూడా అక్కడే కూర్చుంది. ఇంకా దగ్గుతూనే ఉంది.

"మనసుల అంటె అది నా గొంతని దేవునికి ఎట్ల తెలుస్తది సార్?" అని అడిగింది.

"తెలుస్తది," అన్నాడు ఆయన. జవాబు తెలియనప్పుడు పంతుళ్ళు అనే తీరులోనే అన్నాడు.

రెండు రోజులకు రాజక్క వచ్చింది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళకు బురద ఆరలేదు.

"ఏంది సారూ, నా బిడ్డ గోడ వెనకకు పోయిందట?"

"దగ్గుంది గద రాజక్కా. పక్కోళ్ళకు అంటొద్దని డాక్టరు చెప్పిండు."

"డాక్టరు చెప్పిండా, సావుకారి చెప్పిండా?"

"అయ్యో, రాంచందర్ గారికి ఏం సంబంధం?"

"గోడ వెనక ఎవరెవరున్నరో చూసినవా సారూ?"

ఆయన అప్పుడు చూశాడు. అయిదుగురు పిల్లలు. అయిదుగురూ కూలివాడ వాళ్ళే. బజారు పిల్లలు దగ్గితే ఇంట్లో పరుపు మీద ఉంటారు, పాలు తాగుతారు, బడికి రారు. వచ్చేది వీళ్ళే. ఆయన దగ్గును బట్టి కూర్చోబెట్టాననుకున్నాడు. చూసేవాళ్ళకు అది దగ్గులా కనిపించదు.

"నేను గూడ రెండో తరగతి దాక వచ్చిన సారూ," అంది రాజక్క. గొంతు పెంచలేదు. "నీళ్ళు ముట్టద్దంటె ఓ కారణం చెప్పెటోళ్ళు. అరుగెక్కద్దంటె ఇంకో కారణం. ఎప్పుడు గూడ వట్టిగ చెప్పలే. ఏదో కారణం ఉండేది. నీ దగ్గర గట్ల లేదని పిల్లను తోలిన."

"జరమంటె జరమే రాజక్కా. నా మాట నమ్ము."

"నమ్ముతనే గద, నీ చేతుల పెట్టి పనికి పోతాన్న." కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఆయనకూ ఒళ్ళు వెచ్చబడింది. భార్య భద్రమ్మ శొంఠి కాఫీ ఇచ్చి, "ఊరి పిల్లలందరికి మీరొక్కరేనా దిక్కు? రెండొద్దులు సెలవు పెట్టండ్రి," అంది. పెట్టాడు కూడా. రెండు రోజులూ మంచం మీద పడుకుని బడి వెనక ఆ గోడనే తలుచుకున్నాడు.

లేచి వచ్చాక పద్ధతి మార్చాడు. గోడ వెనక ఎవరూ లేరు. కమల టీచరు హాల్లో, అరుగు మీద, వాకిట్లో సున్నంతో గుండ్రాలు గీసింది. ఎవరి గుండ్రం వాళ్ళది. బజారు పిల్లవాడు ఒక గుండ్రంలో ఉంటే తర్వాతి గుండ్రంలో కూలివాడ పిల్ల. ఎవరికి ఎవరు దూరమో చెప్పలేకుండా అందరూ అందరికీ దూరం. దగ్గు ఉన్నవాళ్ళ ఉప్మాను ఆయనా కమల టీచరూ గిన్నెల్లో పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఇచ్చారు. బడి ఉప్మా గేటు దాటొద్దని రూలు ఉంది. ఎవరైనా అడిగితే నా తెలివిని బట్టి నడిపించిన అని చెబుదామనుకున్నాడు. ఎవరూ అడగలేదు. బురదలో ఆ సందులన్నీ తిరిగి వచ్చి, చెప్పులు కడుక్కుని, మళ్ళీ ఎక్కాలు చెప్పేవాడు. కొన్ని రోజులు కుర్చీలో కూర్చునే కళ్ళు మూతలు పడేవి. పిల్లలు లేపేవారు కాదు.

ఇంతలో రాంచందర్ కబురు పెట్టాడు. సారంగపాణి పోతే దుకాణంలో కూర్చోబెట్టి, చాయ తెప్పించాడు.

"బడిల దేవుని పేరు తీసేసిండ్రట గద?"

"తియ్యలేదు. నోటితోని అనుడు ఆపినం. మనసుల అనుకోమన్న."

"మనసుల ఏం అనుకుంటాండ్లో ఎవడు చూసిండు?" నవ్వాడు రాంచందర్. "సరే, డాక్టరు చెప్పిండంటె నేను కాదంటనా. మా గోపాల్ ఇప్పుడిప్పుడే లేచిండు. వానికి ఇంట్లకెల్లి డబ్బ పంపిస్త. అరుగు మీద వాని డబ్బ వాడు తింటడు. దూరమే కావాల్నంటిరి గద."

సారంగపాణి చాయ తాగి లేచాడు. గోపాల్ డబ్బా తెచ్చుకున్నాడు. రెండో రోజు ఇంకో ఇద్దరు తెచ్చుకున్నారు. తర్వాత బజారు పిల్లలందరివీ డబ్బాలే.

భాద్రపదం సగానికి వచ్చేసరికి జ్వరం తగ్గుముఖం పట్టింది. ముందు దగ్గులు తగ్గాయి, తర్వాత ఖాళీ గుండ్రాలు నిండాయి. మొగిలమ్మ పొయ్యి దగ్గరికి వచ్చింది. దూరం కూర్చోబెట్టినందుకు తగ్గిందా, దాని కాలం తీరి అదే పోయిందా, సారంగపాణికి తెలియలేదు. డాక్టరును అడిగితే ఆయన కూడా భుజాలు ఎగరేసి, ఇగ మామూలుగ కూచోబెట్టుకోవచ్చు సార్ అన్నాడు.

గుండ్రాలు కడిగించాడు. హాల్లో ఈసారి ఎదురెదురుగా కాకుండా అందరూ ఒకే వైపు చూసేట్టు వరసలు వేయించాడు. కిటికీలు తెరిచే ఉంచాడు. "దగ్గరకు జరుగుండ్రి," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ మాట అంటుంటే నోటికి హాయిగా అనిపించింది.

జరిగింది కూలివాడ పిల్లలు. బజారు పిల్లలు డబ్బాలు పట్టుకుని అరుగు మీదికి పోయారు. ఎవరూ పొమ్మనలేదు. వాళ్ళకు వాళ్ళే పోయారు. పదేళ్ళ కింద ఆయన వచ్చిన రోజు ఎట్లా ఉందో అట్లా ఉంది.

సాయంత్రం దుకాణానికి పోయాడు. రాంచందర్ గుడ్డ తాను చుడుతున్నాడు.

"జరం పోయింది గద రాంచందర్ గారూ. ఇగ డబ్బలు ఎందుకు, పిల్లలను బంతిల కూచోబెడుదాం."

"పోయింది నిజమే. మల్ల రాదని ఏముంది? దూరం ఉండుడు మంచిదేనని మీరే చెప్పిండ్రి, డాక్టరే చెప్పిండు. మంచి అలవాటు ఎందుకు ఇడువాలె?"

"అది జరానికి చెప్పిన మాట."

"జరం ఎవరికెల్లి వచ్చిందో గూడ అందరికి తెలుసు సారూ. ఆ పిల్ల జరంతోని వచ్చి అరిస్తెనే గద మావోడు పడ్డది."

"వచ్చిన పిల్లను తినిపోమన్నది నేను. అరవనిచ్చింది నేను. తప్పు పిల్ల మీద పెట్టకుండ్రి."

రాంచందర్ తాను చుట్టడం ఆపాడు. ఆయన చెడ్డమనిషి కాదు. సారంగపాణి అంటే గౌరవం కూడా ఉంది. అందుకే కాబోలు మెల్లగా అడిగాడు. "ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. పదేండ్ల సంది మా పిల్లలను ఆడ కూచోమంటాండ్రు. మీరెన్నడన్న కూచున్నరా?"

సారంగపాణికి బయట మెతుకు ముట్టని నియమం. మధ్యాహ్నం ఇంటికి పోయి, కాళ్ళు కడుక్కుని, భద్రమ్మ వడ్డిస్తే స్వామికి చూపించి తింటాడు. ఉప్మా వండేటప్పుడు దగ్గరుండి చూశాడు, ఈ నెలలో తానే కలియబెట్టాడు, ఇంటింటికీ మోశాడు. నోట్లో మాత్రం పెట్టుకోలేదు. అది తన ఇంటి పద్ధతి అనుకున్నాడు. ఎవరూ అడగలేదు కాబట్టి తనను తాను కూడా ఎప్పుడూ అడగలేదు.

"పెద్దోళ్ళ నియమాలు పెద్దోళ్ళవి, నేను తప్పనను," అన్నాడు రాంచందర్. "మాయి గూడ గట్లనే అనుకోండ్రి."

ఇంటికి నడుస్తూ లెక్క వేసుకున్నాడు. మళ్ళీ ఎన్ని సాయంత్రాలు ఆ మెట్ల మీద కూర్చోవాలో, అంత ఓపిక తనకు మిగిలి ఉందో లేదో. రిటైర్మెంటుకు ఇంక ఎంతో లేదు. వచ్చేవాడు చూసుకుంటాడులే అని ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన సుఖంగానే ఉంది. దానికి లొంగిపోవడానికి కూడా ఆ రోజు ఆయనకు ఓపిక లేకపోయింది.

నియమం దేవుడు పెట్టిందా, నాన్న పెట్టిందా అని రాత్రంతా కాదు గాని, నిద్ర పట్టేదాకా ఆలోచించాడు. నాన్న పెట్టిందే. నాన్నకు ఎవరు పెట్టారో తెలియదు.

మర్నాడు బడికి పోయే ముందు భద్రమ్మతో, "మధ్యాహ్నం నాకు వండకు," అన్నాడు.

"ఉపవాసమా?"

"కాదు. బడిల తింట."

భద్రమ్మ ఆయన ముఖం వంక చూసింది. తలుపు గొళ్ళెం సర్దింది.

ఆ మధ్యాహ్నం మొగిలమ్మ వడ్డిస్తూ వస్తుంటే ఆయన పంచె మోకాళ్ళ దాకా దోపుకుని, సమ్మమ్మ పక్కన, ఖాళీగా ఉన్న చోట కింద కూర్చున్నాడు. మోకాళ్ళు కటకటలాడాయి. పిల్లలంతా తినడం మానేసి చూస్తున్నారు. మొగిలమ్మ గరిటె గాలిలోనే ఆపింది.

"నాకు గూడ ఓ ఆకు వెయ్యి," అన్నాడు.

"ఉత్తగనా సారూ? నిజంగనే తింటవా?"

"వెయ్యమంటిని గద."

వేసింది. ఆయన కళ్ళు మూసుకుని, గోవింద నామం పెదాలు కదపకుండా అనుకుని, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మళ్ళీ నమిలాడు.

"మొగిలమ్మా, ఉప్పు వెయ్యలేదా?"

"ఏసిన సారూ. డబ్బల ఉన్నంత ఏసిన."

"రోజు గింతే ఉంటది సార్," అంది సమ్మమ్మ, అదేమంత మాటా అన్నట్టు. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. పదేళ్ళుగా గింతే ఉందా అని అడగబోయి ఆయన ఆగిపోయాడు. ఈ పిల్లకు పదేళ్ళు లేవు.

అరుగు మీద గోపాల్ డబ్బా మూత చేతిలో పట్టుకుని, మెడ చాచి ఇటే చూస్తున్నాడు. ఎందుకు నవ్వుతున్నారో వాడికి వినపడలేదు. వాడు లేచి వస్తాడేమోనని సారంగపాణి కాసేపు చూశాడు. రాలేదు. చూసీ చూడనట్టు మళ్ళీ తన డబ్బాలోకి తల వంచాడు.

"రేపు వచ్చేటప్పుడు దుకాణంల ఉప్పు తీసుకొస్త," అన్నాడు సారంగపాణి, మొగిలమ్మతో. ఆకులో ఉన్నది తినడం మొదలుపెట్టాడు. చాలా మిగిలి ఉంది, వేడి తగ్గాక ఇంకా చప్పగా ఉంది. అయినా వదలకుండా తిన్నాడు.